లెక్క తేడా కొడితే ముందు భాగించి చూడండి

ప్రశ్న: సార్, నేను డిప్లొమా మెకానికల్ సెకండియర్. రికార్డు కోసం మా ఇంట్లో గీజర్ మీద లెక్క వేశాను. 25 లీటర్ల నీళ్లు, 25 డిగ్రీల నుంచి 60కి వేడెక్కాలి, హీటర్ 2 కిలోవాట్లు. 25ని 35తో గుణిస్తే 875, దాన్ని 2తో భాగిస్తే 437 సెకన్లు, అంటే ఏడుంపావు నిమిషాలు. కానీ వాచీ పెట్టుకుని చూస్తే 33 నిమిషాలు పట్టింది. గీజర్ పాడైందంటారా? (తణుకు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: గీజర్ బాగానే ఉంది తమ్ముడూ. ఇలాంటప్పుడు లెక్క మొత్తం కొట్టేసి మళ్లీ మొదట్నుంచి వేయకు, నిజంగా వచ్చిన దాన్ని నీ లెక్కలో వచ్చిన దానితో భాగించు చాలు. 33 నిమిషాలంటే 1980 సెకన్లు, 437తో భాగిస్తే నాలుగున్నర వస్తుంది. నాలుగు పైన వచ్చిందంటే నాకు వెంటనే అనుమానం కేలరీ మీదకే పోతుంది, ఎందుకంటే ఒక కిలోకేలరీ అంటే 4.186 కిలోజౌళ్లు, నీకొచ్చిన 875 కిలోకేలరీలు, కిలోవాట్ అంటేనేమో సెకనుకి ఒక కిలోజౌల్, రెండిటినీ అలాగే భాగించేశావు. 875ని 4.186తో గుణించి 2తో భాగిస్తే 1831 సెకన్లు, ముప్పై నిమిషాల చిల్లర. ఇంకా రెండున్నర నిమిషాలు తేడా ఉంది కదా, అది యూనిట్ల తప్పు కాదు. ఆ రోజు ఓల్టేజ్ ఎంతుందో చూశావా? 230కి రాసిన 2 కిలోవాట్ల హీటర్ 220 దగ్గర 1.83 కిలోవాట్లే లాగుతుంది, పవర్ ఓల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి. దాంతోనే నీ 33 నిమిషాలు దాదాపు వచ్చేస్తాయి. ట్యాంకు కూడా వేడెక్కాలి, దానికి కొంత పోతుంది.

ఇలా భాగించినప్పుడు 3.6 దగ్గర్లో వస్తే కిలోవాట్ అవర్, మెగాజౌల్ కలిపేశావని, 9.81 అయితే కిలోల బరువుని న్యూటన్లుగా మార్చలేదని, 1.73 అయితే త్రీఫేజ్ మోటర్‌కి రూట్ మూడు మర్చిపోయావని, 60 అయితే నిమిషాలు సెకన్లు కలిసిపోయాయని అర్థం. ఈ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకో, నిజంగా పనికొస్తాయి.

ప్రశ్న: మాది బాయిల్డ్ రైస్ మిల్లు, ఊక బాయిలర్, ప్లేటు మీద గంటకి 3 టన్నుల ఆవిరి అని ఉంది, ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 7 కిలోలు, పంపే నీళ్లు 30 డిగ్రీలు. గంటకి 620 కిలోల ఊక కాలుస్తున్నాం. ఊక వేడి కిలోకి 3000 కిలోకేలరీలు అని వేస్తే ఎఫిషియెన్సీ 101.8 శాతం వస్తోంది. గేజ్ ప్రెషర్‌కి బయటి గాలి ఒత్తిడి 1 కలపలేదు, తప్పు అదేనా? (మిర్యాలగూడ నుంచి ఒక సూపర్‌వైజర్)

జవాబు: కలపాల్సిందేనండి, కానీ మీ తప్పు అది కాదు. 7 బార్లకి చూసినా 8 బార్లకి చూసినా ఆవిరిలో మొత్తం వేడి కిలోకి 660 కిలోకేలరీల దగ్గరే ఉంటుంది, ఒకటిన్నర కూడా తేడా రాదు. గేజ్ తప్పు కొంప ముంచేది కంప్రెసర్ లెక్కల్లో, వాక్యూమ్ దగ్గర.

అసలు సంగతి ఆ 3 టన్నులు. ప్లేటు మీద రాసేది మామూలుగా 100 డిగ్రీల నీళ్లని 100 డిగ్రీల దగ్గరే ఆవిరి చేసే లెక్క, కిలోకి 540 కిలోకేలరీలు. మీరు 30 డిగ్రీల నీళ్లు పంపుతున్నారు, కిలోకి 661 లోంచి 30 తీసేస్తే 631 కావాలి. అంటే ఫుల్ లోడ్ మీద కూడా మీకొచ్చే ఆవిరి గంటకి 2570 కిలోలకి మించదు, మిల్లు రోజంతా ఫుల్ లోడ్ మీద నడవదు కూడా. అందుకే ప్లేటు చూసి లెక్క వేయకండి, బాయిలర్‌కి పంపే నీళ్లు (ఫీడ్ వాటర్) కొలవండి, మురికి పోవడానికి బ్లోడౌన్‌లో బయటికి వదిలిన నీళ్లు అందులోంచి తీసేయండి. ఒక్క గంట కొలిస్తే లాభం లేదు, డ్రమ్ములో నీళ్లు కాస్త పెరిగినా తగ్గినా లెక్క తారుమారవుతుంది. ఎనిమిది గంటలు నడిపి, గేజ్ గ్లాసులో మట్టం మొదలుపెట్టినప్పుడు ఎక్కడుందో చివర్లో కూడా అక్కడికే తెచ్చి ఆపండి. ఊక బస్తాల లెక్కన కాకుండా కాటా వేసి తీసుకోండి, తడి ఊకలో 3000 రాదు. ఉదాహరణకి గంటకి 2200 కిలోల ఆవిరి తేలితే ఎఫిషియెన్సీ 75 శాతం దగ్గరికి వస్తుంది, అది నమ్మొచ్చు.

ప్రశ్న: 170 డిగ్రీలు, 40 డిగ్రీల మధ్య నడిచే ఇంజన్‌కి కార్నో ఎఫిషియెన్సీ (గరిష్ఠంగా రాగలిగేది) నాకు 76 శాతం వచ్చింది, పుస్తకంలో 29 ఉంది.

జవాబు: దీనికి పైన చెప్పిన భాగహారం పనిచేయదు, ఎందుకంటే ఇక్కడ డిగ్రీలని కెల్విన్‌లోకి మార్చే 273 కలపడం మర్చిపోయారు, అది గుణకారం కాదు కదా. 443, 313 వేసి చూడండి, 29.3 వస్తుంది. గీజర్‌లాగా డిగ్రీల తేడా మాత్రమే వాడే లెక్కల్లో 273 అక్కర్లేదు, ఒక టెంపరేచర్‌ని ఇంకోదానితో భాగించే చోటల్లా కలిపి తీరాలి. రేడియేషన్‌లో అయితే టెంపరేచర్ నాలుగో ఘాతం కాబట్టి అక్కడ మర్చిపోతే జవాబు దరిదాపుల్లో కూడా ఉండదు.