దుబాసీని మర్చిపోకు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ మొదటి పేజీలోనే "క్రైస్తవం యూరప్ అంతటా వ్యాపించింది" అనేశావు. ఆ వాక్యంలో మనుషులు లేరు తమ్ముడూ. ఎవరో నడిచి వెళ్లారు, ఎవరో విన్నారు, మధ్యలో ఒకరు నిలబడి ఈ భాషలోని మాట ఆ భాషలో చెప్పారు. జర్మనీలో బోనిఫేస్ అనే మిషనరీ అక్కడివాళ్లు పవిత్రంగా కొలిచే ఓక్ చెట్టు నరికిన సీన్‌కి రెండు పేజీలు ఇచ్చావు. ఆ దుబాసీకి ఒక్క లైన్ కూడా ఇవ్వలేదు.

పోప్ గ్రెగరీ పంపిన అగస్టీన్ 597లో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో దిగాడు. దారిలోనే భయపడి వెనక్కి పోదామనుకున్న సన్యాసుల బృందం అది. భాష రాదు కాబట్టి ఫ్రాంకుల దేశం (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) నుంచి దుబాసీలను వెంట తెచ్చుకున్నారు. రాజు ఎథెల్‌బెర్ట్‌కి వాళ్లంటే ఇంకో భయం. ఇంట్లోకి రానిస్తే మంత్రాలేస్తారేమోనని ఆరుబయట కూర్చుని విన్నాడు. అతని భార్య బెర్తా ఫ్రాంకుల రాకుమారి, అప్పటికే క్రైస్తవురాలు. పెళ్లై వచ్చినప్పుడే తన బిషప్‌ని తోడు తెచ్చుకుంది. అగస్టీన్ వచ్చేనాటికే ఆ ఇంట్లో ప్రార్థన జరుగుతోందన్నమాట. అక్కడ మొదలుపెట్టి చూడు, వ్యాసం మారిపోతుంది.

601లో గ్రెగరీ రాసిన రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టుకుని చదువు. రాజు ఎథెల్‌బెర్ట్‌కేమో పాత దేవతల గుళ్లు పడగొట్టమన్నాడు. కొన్ని వారాలకే, అగస్టీన్ దగ్గరికి వెళ్తున్న సన్యాసి మెలిటస్‌కి రాస్తూ, గుళ్లు ఉండనివ్వండి, విగ్రహాలు మాత్రం తీసేసి పవిత్ర జలం చల్లండి అన్నాడు. జనం ఎడ్లను కోసి విందు చేసుకుంటారు కదా, ఆ విందును మాన్పించకుండా విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షుల పండగ రోజుకు మార్చమన్నాడు. ఒక మనిషి ఆలోచన మారడం మన కళ్లముందే కనిపిస్తుంది. నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఇందులో చాలా సంగతులు మనకు చెప్పింది ఇంగ్లండ్ చరిత్రకారుడు బీడ్. అతను 731లో, అంటే నూట ముప్పై ఏళ్ల తర్వాత రాశాడు. పైగా తనూ సన్యాసే. అది పాఠకుడికి చెప్పు.

ఉత్తర జర్మనీలోని సాక్సన్ల సంగతి మెత్తగా దాటేశావు, అది నాకు నచ్చలేదు. 782లో వెర్డెన్ దగ్గర ఫ్రాంకుల రాజు చార్లెమేన్ 4500 మంది సాక్సన్ల తలలు నరికించాడని అతని ఆస్థాన చరిత్రే చెబుతోంది. బాప్తిస్మం వద్దన్నవాడికి మరణశిక్ష అని చట్టం చేశాడు. విశ్వాసం మనసుకు సంబంధించింది, బలవంతంతో రాదని అతని సలహాదారు ఆల్క్విన్ ఉత్తరాల్లో మొత్తుకున్నాడు. రెండూ రాయాలి నువ్వు. మన పాఠకులకు మిషనరీ అంటే బ్రిటిష్ కాలపు బడి, ఆసుపత్రి గుర్తొస్తాయి. ఇది వేరే లోకమని వాళ్లకు తెలియాలి.

ముందు మాత్రం ఐడన్ అనే ఐరిష్ సన్యాసి సంగతి రాసి పంపు. స్కాట్లండ్ తీరంలోని అయోనా దీవి నుంచి 635లో ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజ్యానికి వచ్చాడు, ఇంగ్లిష్ సరిగా రాదు. అక్కడి రాజు ఆస్వాల్డ్ ప్రవాసంలో ఉన్నప్పుడు ఐరిష్ నేర్చుకున్నాడు. ఐడన్ వాక్యం చెబుతుంటే, సొంత సర్దారుల ముందు ఆ రాజే దుబాసీగా నిలబడ్డాడు.

మీ అక్క