బోనెక్కని కుర్రవాడు

చిరంజీవికి,

నీ నాటిక రాత్రి చదివాను. నాలుగో రంగం దగ్గర విసుగొచ్చి పక్కన పడేశాను. పొద్దున్న మళ్లీ చేతిలోకి తీసుకున్నాను కాబట్టే ఈ ఉత్తరం.

15 ఏళ్ల కుర్రవాడు సెల్‌ఫోను దగ్గర గొడవపడి స్నేహితుణ్ణి పొడిచాడు. అంతవరకు బాగానే నడిపావు. తరువాత వాడికి సంకెళ్లు వేసి, బోనెక్కించి, జడ్జి చేత సుత్తి కొట్టించి 14 ఏళ్ల జైలు వేయించావు. సినిమాల్లో తప్ప ఇది ఎక్కడ చూశావు? 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం అలాంటి పిల్లవాణ్ణి విచారించేది జువైనల్ జస్టిస్ బోర్డు. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ. ఎత్తయిన వేదిక, బోను ఉండకూడదు. పోలీసులు మామూలు దుస్తుల్లోనే రావాలి. 16 నిండనివాడు ఎంత ఘోరం చేసినా మూడేళ్లకు మించి ఉంచరు, అదీ జైల్లో కాదు, అలాంటి పిల్లల్ని ఉంచే ప్రత్యేక గృహంలో. 16 దాటి, నేరం మరీ ఘోరమైనదైతే, పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్నది బోర్డు ముందుగా తేల్చాలి. నీ కుర్రవాడు 15లోనే ఉన్నాడు కాబట్టి ఆ ప్రశ్నే రాదు.

చట్టం తెలియలేదని కాదు నా కోపం. మామూలు గది, ఒక బల్ల, అటు ముగ్గురు, ఇటు మీసం రానివాడు, వెనక తల్లి. రంగస్థలానికి ఇంతకంటే ఏం కావాలి?

తప్పంతా నీదనను. తీర్పు రంగం లేకపోతే నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో మార్కులు పడవు. ఇలాంటి కుర్రవాడి మీదే నేను రాసిన నాటిక ఆడిన రోజు న్యాయనిర్ణేత ఒకాయన మేకప్ గదికి వచ్చి, ‘సందేశం ఏదయ్యా? చివర్లో వాడి చేత నాలుగు మంచి ముక్కలు చెప్పించకపోయావా’ అన్నాడు. చెప్పించలేదు. బహుమతీ రాలేదు. సెట్టు తెచ్చిన వ్యాను కిరాయికి మా నటుడి ఉంగరం తాకట్టులోకి వెళ్లింది. బహుమతి కొట్టేసిన నాటికలో దొంగపిల్లవాడు పశ్చాత్తాపంతో ఉపన్యాసం దంచాడు. ఇప్పుడైతే దానికి తోడు వెనక ఎల్‌ఈడీ తెర, దాని మీద జైలు ఊచలు!

నువ్వు అసలు మరిచిపోయింది కత్తిపోటు తిన్నవాణ్ణి. ‘ఆసుపత్రిలో ఉన్నాడట’ అని పక్కింటావిడ చేత అనిపించి చేతులు దులుపుకున్నావు. వాణ్ణి రంగం మీదికి తీసుకురా. పనిచేయని కుడిచెయ్యితో చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థపడనీ. సాయానికి లేచిన తండ్రిని కసరనీ. శిక్షకు గడువుంటుంది, ఆ చేతికి ఉండదు.

చెల్లెలు అలవాటుకొద్దీ అన్న కంచం కూడా వేసి, తల్లి చూసేలోపు తీసేసే చోటు బాగుంది. తెలిసి రాశావో, దానంతటదే వచ్చిందో!

పాటలు ఎన్ని ఉండాలి, ఏ పరిషత్తుకు పంపాలి అని అడిగావు. ముందు నాలుగో రంగం చించేయి. బోర్డు విచారణకు మనలాంటివాళ్లను రానివ్వరు. అలాంటి కేసులు చూసిన వకీలునో, బోర్డులో పనిచేసి వచ్చినవారినో పట్టుకో. పిల్లల పేర్లు అడగకు, బయటపెడితే నేరం. ఆ గదిలో తల్లిని ఎక్కడ కూర్చోబెడతారో, వాడు ఎవరి వంక చూస్తూ జవాబు చెబుతాడో అడుగు. అప్పుడు తిరగరాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే, అక్షరాలు పెద్దవిగా.

ఆశీస్సులతో,
నీ మాస్టారు