పొదుపు–మదుపు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కాగితపు మిల్లులో పనిచేసి పదవీ విరమణ చేశాను. షేర్లు కొనే యాప్‌లోనే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ కొందామని ట్రేడింగ్ ఖాతాలో డబ్బు వేసి ఉంచాను. షేర్లకు కనిపించే లిమిట్ (మనం చెప్పిన ధరకు హద్దు పెట్టడం), స్టాప్‌లాస్ (ధర ఒక మేరకు పడితే అమ్మేయమనడం) ఫండుకు కనిపించలేదు. ఖాతాలో డబ్బున్నా మళ్ళీ బ్యాంకు నుంచి చెల్లించమంది. మార్కెట్ పడిన రోజు మధ్యాహ్నం కొంటే, నేను యాప్‌లో చూసిన ధరకు యూనిట్లు రాలేదు. ఇది యాప్ లోపమా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మీ యాప్‌లో లోపమేమీ లేదండి. లిమిట్ ఆర్డరు పనిచేయాలంటే మీరు చెప్పిన ధరకు ఇవ్వడానికి ఎదుట మరొక అమ్మకందారు ఉండాలి. మామూలు మ్యూచువల్ ఫండులో అలాంటి అమ్మకందారు ఉండడు. యూనిట్లు ఇచ్చేదీ, వెనక్కి తీసుకునేదీ ఫండు సంస్థే. మార్కెట్ ముగిశాక తన దగ్గరున్న షేర్ల విలువ కట్టి, ఖర్చులు తీసివేసి, ఆ రోజుకు ఒకే ఒక ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ ధర) ప్రకటిస్తుంది. మీరు మధ్యాహ్నం యాప్‌లో చూసినది ముందు రోజు ఎన్‌ఏవీ. ఆనాటి ధర అప్పటికి ఇంకా పుట్టనే లేదు కనుక, దానికి హద్దు పెట్టే వీలు ఏ బ్రోకరుకూ లేదు. స్టాప్‌లాస్ లేకపోవడానికీ కారణం ఇదే.

మీ చేతిలో ఉన్నది ధర కాదు, రోజు మాత్రమే. అది కూడా షరతు మీద. ఈక్విటీ ఫండ్లకు గడువు మధ్యాహ్నం 3 గంటలు. అయితే 2021 ఫిబ్రవరి 1 నుంచి, మొత్తం ఎంత చిన్నదైనా సరే, ఆర్డరు పెట్టిన సమయంతో పాటు డబ్బు ఫండుకు చేరిన సమయం కూడా చూస్తున్నారు. రెండున్నరకు ఆర్డరు పెట్టినా డబ్బు మూడు దాటాక చేరితే మరుసటి పనిదినపు ఎన్‌ఏవీయే వర్తిస్తుంది. డబ్బు చేతులు మారడానికి పట్టే వ్యవధి దృష్ట్యా బ్రోకర్లు తమ గడువును ఇంకా ముందే ముగిస్తుంటారు కాబట్టి, పడిన రోజునే కొనాలనుకునేవారు ఉదయమే చెల్లించడం మేలు.

ట్రేడింగ్ ఖాతాలోని డబ్బు ఫండుకు పనికిరాకపోవడం కూడా నిబంధన వల్లనే. మ్యూచువల్ ఫండ్ కొనుగోళ్ల కోసం బ్రోకర్లు ఖాతాదారుల సొమ్మును తమ ఖాతాలో కలిపి ఉంచే పద్ధతిని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022 జూలై 1 నుంచి ఆపించింది. మీ సొమ్ముకు అది రక్షణే. మీరు వేసి ఉంచినది ఈటీఎఫ్ (ఎక్స్ఛేంజీలో షేరులాగే చేతులు మారే ఫండు) కొనడానికి పనికొస్తుంది, లేదా బ్యాంకుకు వెనక్కి తెప్పించుకోవచ్చు.

సెలవుల విషయం మీ ప్రాంతంవారు ప్రత్యేకంగా గమనించాలి. రథయాత్రకు మీ ఊళ్లో బ్యాంకు మూసి ఉన్నా ముంబైలో ఎక్స్ఛేంజీ నడుస్తుంది. మే 1న మహారాష్ట్ర దినోత్సవానికి ఎక్స్ఛేంజీకి సెలవు కనుక ఆనాటి ఆర్డరుకు తరువాతి పనిదినపు ధరే వస్తుంది.

ఏళ్ల తరబడి ఉంచదలచిన సొమ్ముకు లిమిట్ ఆర్డరు లేకపోవడం పెద్ద లోటు కాదని నా అభిప్రాయం. ధర చెప్పి తీరాలనుకుంటే అదే సూచీని అనుసరించే ఈటీఎఫ్‌ను ఎంచుకోండి. అది ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు షేరులాగే చేతులు మారుతుంది. అందులోని చిక్కులు కింది జవాబులో ఉన్నాయి.

ప్రశ్న: వెండి ఈటీఎఫ్ యూనిట్లకు జీటీటీ (చెప్పిన ధర తగిలేదాకా నిలిచి ఉండే ఆదేశం) పద్ధతిలో స్టాప్‌లాస్ పెట్టాను. ధర అంతకంటే కిందికి పోయినా అవి అమ్ముడుపోలేదు. మా ఊళ్లో సిగ్నల్ తరచూ పోతుంటుంది, దానివల్లనా?
– ఒక పాఠకురాలు, సిరొంచ

జవాబు: సిగ్నల్‌తో దీనికి సంబంధం లేదమ్మా. జీటీటీ ఉండేది మీ ఫోనులో కాదు, బ్రోకరు సర్వరులో. కానీ అది ఎక్స్ఛేంజీకి చేరిన ఆర్డరు కూడా కాదు. మీరు చెప్పిన ధర తగిలినప్పుడు మాత్రమే బ్రోకరు ఒక లిమిట్ ఆర్డరును పంపుతారు. ట్రిగ్గర్ (ఆర్డరును కదిలించే ధర) 95 రూపాయలు, లిమిట్ (అంతకంటే తక్కువకు అమ్మవద్దనే ధర) 94 అని పెట్టారనుకోండి. రాత్రికి రాత్రి విదేశాల్లో వెండి పడి, మరునాడు ఇక్కడ 91 దగ్గర తెరిస్తే ట్రిగ్గర్ తగులుతుంది, ఆర్డరు వెళ్తుంది, కానీ 94కు కొనేవారు ఉండరు. సాయంత్రానికి ఆ ఆర్డరు రద్దవుతుంది, జీటీటీ కూడా అయిపోతుంది. మళ్ళీ పెట్టవలసింది మీరే.

ఇంకో కారణం కూడా ఉండవచ్చు. బ్రోకరుకు డీడీపీఐ (అమ్మిన యూనిట్లను మీ డీమ్యాట్ ఖాతా నుంచి తీసి ఇచ్చేందుకు ఒక్కసారే ఇచ్చే) అనుమతి ఇవ్వని ఖాతాల్లో, యూనిట్లు అమ్మడానికి టీపిన్ అనే రహస్య సంఖ్యతో ముందుగా అనుమతి ఇవ్వకపోతే ట్రిగ్గర్ తగిలినా ఆర్డరు తిరస్కరణకు గురవుతుంది. ఆర్డర్ల పట్టికలో ‘తిరస్కరించబడింది’ అని ఉందో, ‘రద్దయింది’ అని ఉందో చూస్తే ఏది జరిగిందో తెలిసిపోతుంది.

అలాగని మార్కెట్ ఆర్డరు (ఏ ధర ఉంటే ఆ ధరకు అమ్మేయమనడం) పెట్టేయకండి. లావాదేవీలు పలచగా ఉన్న ఈటీఎఫ్‌లో దగ్గరి ధరకు కొనేవారు కొద్దిమందే ఉంటారు. మీ యూనిట్లలో కొన్ని వారికి పోయి, మిగిలినవి ఎంతో తక్కువ అడిగినవారికి పోతాయి. కొనేటప్పుడు ఇదే బెడద తలకిందులుగా ఉంటుంది. 2025 అక్టోబరులో వెండికి గిరాకీ ముదిరి, ఈటీఎఫ్‌లు వాటిలోని వెండి విలువ కంటే బాగా ఎక్కువ ధరకు చేతులు మారాయి. అందుకే ఫండు సంస్థ తన వెబ్‌సైటులో పగలంతా చూపే ఐ–ఎన్‌ఏవీని (యూనిట్ విలువకు అప్పటికప్పటి అంచనా) ముందు చూసి, దానికి దగ్గరగా లిమిట్ పెట్టండి. స్టాప్‌లాస్‌లో ట్రిగ్గర్‌కూ లిమిట్‌కూ మధ్య రూపాయి కాక, వెండి ఒక్క రోజులో పడగల మేరకు ఎడం ఉంచండి. ఆ కింది ధరకు అమ్మడం మీకు ఇష్టం లేకపోతే స్టాప్‌లాస్ జోలికే వెళ్ళకండి.