హీట్ పంప్ ఆగిపోయింది, ‘మీ నీళ్ల వల్లే’ అంటున్నారు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మాది మిర్యాలగూడ. రిటైర్డ్ టీచర్‌ని. ఇంట్లో ఏడుగురం ఉంటాం. మూడు బాత్రూముల్లో మూడు గీజర్లు నడిచేవి, చలికాలం వస్తే కరెంటు బిల్లు చూడాలంటే భయమేసేది. 2024 దసరా ముందు ఒక డీలర్ మా ఇంటికి వచ్చి, బోరు, ట్యాంకు అన్నీ చూసి, హీట్ పంప్ పెట్టుకోమన్నాడు. తక్కువ ధరలో ఇప్పిస్తానని, కరెంటు బిల్లు మూడో వంతుకు దిగుతుందని, ఐదేళ్లు ఫుల్ వారంటీ అని వాట్సాప్‌లో కూడా పెట్టాడు. 200 లీటర్లది 84,000 రూపాయలకు కొన్నాను. 60,000 ఫోన్‌పేలో, మిగతాది నగదుగా ఇచ్చాను. పక్కా బిల్లు కావాలంటే ధర పెరుగుతుందని ఎస్టిమేట్ చిట్టీ రాసిచ్చాడు. 2025 డిసెంబరులో నీళ్లు వేడెక్కడం ఆగిపోయింది. కంపెనీ మెకానిక్ వచ్చి గ్యాస్ పోయింది, కంప్రెసర్ దెబ్బతింది, 31,000 అవుతుందన్నాడు. ‘ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పాడైంది, వారంటీ వర్తించదు’ అని కాగితం మీద రాశాడు. డీలర్‌ను అడిగితే కంపెనీతో మాట్లాడుకోమంటున్నాడు. చిట్టీ కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, వివాదాలు హైదరాబాద్ కోర్టుల పరిధిలోనే’ అని ఉంది. ఎనభై ఏళ్ల మా అమ్మకు పొయ్యి మీద నీళ్లు కాచి పోస్తున్నాం. నా డబ్బు వస్తుందా? జడ్చర్లలో ఉండే మా బావమరిది కూడా ఇలాంటిదే కొందామనుకుంటున్నాడు. అతను ఏం చూసుకోవాలి?

సమాధానం: సార్, మీరు పంపిన చిట్టీ, వారంటీ కార్డు, మెకానిక్ రాసిన జాబ్ షీట్, మాన్యువల్ ఫొటోలు జాగ్రత్తగా చదివాను. కేసు వేయొచ్చు. హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు, నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. అయితే ఫలితం ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: యంత్రంలో ఏ భాగం చెడిపోయింది, దానికీ మీ బోరు నీళ్లకూ సంబంధం ఉందా లేదా?

అందుకే ముందు యంత్రం సంగతి చూద్దాం. గీజర్‌లో కాయిల్ కరెంటుతో నేరుగా నీళ్లను కాస్తుంది. హీట్ పంప్ అలా కాదు. ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోసినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి పంపుతుంది. ఆ పని చేసేది గొట్టాల్లో తిరిగే గ్యాస్, దాన్ని తిప్పేది కంప్రెసర్. మీ మాన్యువల్ బొమ్మలో గ్యాస్ గొట్టం ట్యాంకు బయటి గోడకు చుట్టి ఉంది. అంటే మీ నీళ్లు ట్యాంకు లోపలే ఉంటాయి, గ్యాస్ గొట్టాన్ని తాకవు. మరి గ్యాస్ ఎక్కడి నుంచి పోయింది? ఫ్యాన్ పక్కన ఉండే కాయిల్ నుంచా, అతుకు నుంచా? జాబ్ షీట్‌లో ఆ ముక్కే లేదు. ట్యాంకు తెరిచి చూసినట్టు కూడా రాయలేదు. ట్యాంకు తెరవకుండానే తప్పు నీళ్లదని తేల్చేశారు. మీ కేసుకు అసలు బలం ఇదే.

ఇక ఫ్లోరైడ్. మన జిల్లా పేరు చెబితే చాలు, అందరి నోటా మొదట వచ్చే మాట అదే. ఎముకలకూ పళ్లకూ అది చేసిన చేటు తరతరాలుగా మన ఊళ్లు మోస్తూనే ఉన్నాయి. కానీ గొట్టాల్లో, ట్యాంకుల్లో తెల్లగా సున్నంలా పేరుకునేది ఫ్లోరైడ్ కాదు. అది నీటి కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పైగా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నచోట కాల్షియం తక్కువగా ఉండటం తరచూ కనిపిస్తుంది. కాబట్టి ‘ఫ్లోరైడ్ నీళ్లు’ అని రాయడం మీకు నష్టం కాదు, మేలే. పరీక్ష చేయకుండా రాశారని చెప్పడానికి అదే ఆధారం.

అయినా కంపెనీ లాయరు ఊరుకోడు. ట్యాంకు లోపల సున్నం పొర మందంగా పేరుకుంటే వేడి నీళ్లలోకి సరిగా దిగదు, కంప్రెసర్ మీద ఒత్తిడి పెరుగుతుంది అని వాదిస్తాడు. ఆ మాట పూర్తిగా తప్పు కూడా కాదు. మీ వారంటీ కార్డులో కాఠిన్యం లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటితే వారంటీ లేదనే షరతు సన్న అక్షరాల్లో ఉంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల్లో కాఠిన్యం 200 వరకు మంచిది, వేరే నీళ్లు దొరకకపోతే 600 వరకు ఒప్పుకోవచ్చు అని ఉంది. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా ఈ షరతు దాటిపోవచ్చు. మీరు ఈ వారంలోనే బోరు నీళ్లు సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కాఠిన్యం, ఫ్లోరైడ్ రెండూ విడివిడిగా రాయించుకోండి. 300 లోపు వస్తే కంపెనీ వాదన అక్కడే పడిపోతుంది. దాటినా కేసు పోదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ అవసరానికి పనికొచ్చేదిగా ఉండాలి. మీ డీలర్ ఇంటికొచ్చి బోరు చూసి మరీ సిఫార్సు చేశాడు. ఫలానా బ్రాండు పేరు చెప్పి కొన్న సరుకుకు ఈ రక్షణ ఉండదనే మినహాయింపు అదే సెక్షన్‌లో ఉంది, దాన్ని వాళ్లు లేవనెత్తుతారు. మీరు బ్రాండు పేరు చెప్పి అడగలేదు, అతనే ఎంచి ఇచ్చాడు. ఈ సంగతి అఫిడవిట్‌లో స్పష్టంగా రాయాలి.

మీ కేసులో బలహీనత ఎక్కడుందో కూడా చెప్పాలి. డీలర్ ఐదేళ్లు ఫుల్ వారంటీ అన్నాడు. కార్డులో ఉన్నది వేరు: యంత్రం మొత్తానికి ఏడాది, కంప్రెసర్‌కు 3 ఏళ్లు, ట్యాంకుకు 5 ఏళ్లు. మీది ఆగింది 14 నెలలకు. కంప్రెసర్ గడువులోనే ఉంది, గ్యాస్ కాయిల్ మాత్రం కార్డు ప్రకారం గడువు దాటింది. గ్యాస్ పోవడం వల్లే కంప్రెసర్ పోయిందని, అది మా పూచీ కాదని కంపెనీ అనొచ్చు. ఇక్కడే ఆ వాట్సాప్ మెసేజ్ మీకు అక్కరకొస్తుంది. దయచేసి ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ప్రింట్ తీసి, ఆ ప్రింట్ ఫోన్‌లో ఉన్నదేనని చెప్పే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద జత చేద్దాం. డీలర్ ఇచ్చిన మాటకు డీలర్ బాధ్యుడు. అందుకే కేసులో కంపెనీ, డీలర్, సర్వీస్ సెంటర్ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఒక్కరినే చేరిస్తే తప్పు ఆ చేర్చని వాడిదని చెప్పి తప్పించుకుంటారు.

చిట్టీ విషయంలో మీకు టెన్షన్ ఉందని అర్థమైంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు చెల్లించి సొంత వాడకానికి సరుకు కొన్నవారు వినియోగదారులే. బిల్లు ఇవ్వకపోవడం అదే చట్టం 2(47) సెక్షన్ కింద అన్యాయ వ్యాపార పద్ధతి, ఆ తప్పు అమ్మినవాడిది. మీ దగ్గర 60,000కు ఫోన్‌పే రికార్డు ఉంది, 84,000 అని డీలర్ చేతిరాతతో చిట్టీ ఉంది, వారంటీ కార్డు మీద అతని స్టాంపు, తేదీ, యంత్రం సీరియల్ నంబరు ఉన్నాయి. ఇవి చాలు. అయితే కొంత తగ్గుతుందని మీరూ చిట్టీకి ఒప్పుకున్నారు కదా అని కమిషన్‌లో అడగొచ్చు. నిజం చెప్పండి, దాచకండి.

‘వాపసు తీసుకోబడదు’ అనే ముద్ర గురించి అసలు భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం కూడా 2(47) కిందికే వస్తుంది. హైదరాబాద్ పరిధి అనే మాటా అంతే. 34వ సెక్షన్ మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. 1986 నాటి పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. మన ప్రాంతంలో ఎంతోమంది ఇప్పటికీ హైదరాబాద్ తిరగాలేమోనని వదిలేసుకుంటున్నారు, అది చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. కంపెనీకి, డీలర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. కానీ హెల్ప్‌లైన్ కోర్టు కాదు, దానివల్ల కేసు గడువు ఆగదు. 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. మీ యంత్రం ఆగింది 2025 డిసెంబరులో కాబట్టి 2027 డిసెంబరు దాకా సమయం ఉంది. అంతదాకా ఆగకండి, సాక్ష్యం పాతబడుతుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. మీలాంటి చదువుకున్నవారు సొంతంగా వాదించుకోగలరు, సాంకేతిక వాదన వచ్చినప్పుడు మాత్రం ఒక లాయరు పక్కన ఉంటే మంచిది.

నోటీసు అందాక ప్రతివాదులు 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ మరో 15 రోజులు ఇవ్వగలదు, అంతే. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్ష అవసరం లేని కేసు 3 నెలల్లో, అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతోంది, మనసు సిద్ధం చేసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: బయటి మెకానిక్‌తో యంత్రం విప్పించకండి. విప్పితే ‘మీరే చెడగొట్టుకున్నారు’ అంటారు. ఫిర్యాదుతో పాటే, నిపుణుడితో తనిఖీ చేయించమని 38వ సెక్షన్ కింద దరఖాస్తు వేయండి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ అధ్యాపకుడి లాంటి వారిని నియమించమని కోరవచ్చు. గ్యాస్ ఎక్కడ లీకైంది, ట్యాంకులో సున్నం ఉందా అనే రెండు ప్రశ్నలకు ఆయన జవాబు రాస్తే కేసు దాదాపు తేలినట్టే. అమ్మగారిని మాత్రం ఇబ్బంది పెట్టకండి. ఒక చిన్న గీజర్ కొని బిల్లు దాచండి, ఆ ఖర్చు కూడా అడుగుదాం. ఏం కోరాలంటే: ఉచితంగా బాగుచేసి ఇవ్వడం లేదా కొత్త యంత్రం, అదీ కుదరకపోతే 84,000 వడ్డీతో వాపసు, ఈ గీజర్ ఖర్చు, మానసిక వేదనకు సమంజసమైన పరిహారం. లక్షలకు లక్షలు అడిగితే మీ మాట విలువ తగ్గుతుంది.

మీ బావమరిది విషయం. హీట్ పంప్ చెడ్డ ఆలోచన కాదు. గాలి వెచ్చగా ఉన్నకొద్దీ ఇది బాగా పనిచేస్తుంది, పాలమూరు ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. 200 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు పెంచడానికి గీజర్‌కు దాదాపు 6 యూనిట్లు కావాలి, మంచి హీట్ పంప్‌కు 2 యూనిట్లు సరిపోతాయి. కానీ తగ్గేది వేడినీళ్లకయ్యే కరెంటు మాత్రమే. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు మామూలుగానే తింటాయి. ‘మొత్తం బిల్లు మూడో వంతు’ అని మీ డీలర్ చెప్పింది కొనేవారిని తప్పుదోవ పట్టించే మాట, దాన్ని కూడా ఫిర్యాదులో రాయండి.

తక్కువ ధరది చూసేటప్పుడు ధర కన్నా ముందు వారంటీ కార్డు అడగమనండి. కొన్నాక ఇస్తామంటే ఆ షాపు వదిలేయమనండి. ఏ భాగానికి ఎన్నేళ్లు, గ్యాస్ కాయిల్ ఏ లెక్కలోకి వస్తుంది, కాఠిన్యం పరిమితి ఎంత అనేవి చదవాలి. నీటి పరీక్ష రిపోర్టు డీలర్‌కు ఇచ్చి, ‘ఈ నీళ్లకు ఈ మోడల్ సరిపోతుంది’ అని లెటర్‌హెడ్ మీద సంతకంతో రాయించుకోవాలి. దేవరకొండలో మా అమ్మ ఇంట్లో గీజర్ కాయిల్ ఏటా తెల్లగా పూతపడి మారుస్తుంటాం, బోరు నీళ్లను తేలిగ్గా తీసుకోకూడదని నాకు అక్కడే తెలిసింది. మహబూబ్‌నగర్‌లోనో జడ్చర్లలోనో సర్వీస్ మనిషి ఉన్నాడో లేదో కనుక్కోవాలి, హైదరాబాద్ నుంచి వస్తే రానుపోను ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోవాలి. ఆన్‌లైన్‌లో కొంటే, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలో పరిష్కరించాల్సిన అధికారి ఆ సైటుకు ఉండాలి. కొనేరోజే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి. బిగించిన రోజు యంత్రం సీరియల్ నంబరు, బిగించినవారి పేరు, తేదీ కార్డు మీద రాయించి, పక్కా బిల్లు చేతికి వచ్చాకే చివరి విడత డబ్బు ఇవ్వమనండి.