కండ పట్టాలంటే ఏవి ఎత్తాలి?

ప్రశ్న: సార్, నాకు 23 ఏళ్లు, బరువు 61 కిలోలు. ఏడాది నుంచి జిమ్‌కి వెళ్తున్నాను. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్స్, ఇలా రోజుకో భాగం, రోజుకి ఎనిమిది తొమ్మిది ఎక్సర్‌సైజులు. కండకి అలవాటైపోకూడదని మా ట్రెయినర్ వారంవారం అన్నీ మార్చేస్తాడు. ఒళ్లు నొప్పులు మాత్రం బాగా వస్తాయి. బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టడం) చేరిన కొత్తలో 40 కిలోలు, ఇప్పుడూ 40 కిలోలే. అసలు ఏవి చేయాలి? ఎన్ని చేయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో అసలు సంగతి ఆ బెంచ్ ప్రెస్ మాటే. ఏడాది కిందట 40, ఇప్పుడూ 40. మోసే బరువు మారనప్పుడు కండ పెంచుకోవాల్సిన అవసరం ఒంటికి ఏముంది? నొప్పుల సంగతి వదిలెయ్. పెళ్లిలో రెండు గంటలు వంగి బంతికి వడ్డించినా మర్నాడు తొడలు పట్టేస్తాయి, అంతమాత్రాన కాళ్లు లావెక్కవు కదా.

వారంవారం మార్చడంలో చిక్కేంటంటే, ఏ కొత్త ఎక్సర్‌సైజ్ అయినా మొదటి రెండు మూడు వారాలు దాన్ని నేర్చుకోవడానికే సరిపోతాయి. ఆ రోజుల్లో బరువు పెరిగినా అది ఎక్కువగా నరాలు ఆ కదలికకి అలవాటు పడటం వల్లే. తీరా పని కండ మీద పడే సమయానికి మీ ట్రెయినర్ దాన్ని తీసేసి ఇంకోటి చేతిలో పెడుతున్నాడు. కండకి విసుగు రాదు తమ్ముడూ, విసుగొచ్చేది మనకే, ఆ విసుగు పోగొట్టి ఫీజు కట్టించుకోవడానికి జిమ్ వాళ్లకి ఈ మార్పులు బాగా పనికొస్తాయి.

ఇక ఏవి చేయాలంటావా, ఎక్సర్‌సైజ్ పేరు చూసి కాదు, సెట్టు (ఆపకుండా వరసగా ఎత్తే ఒక విడత) అయ్యాక ముందు ఏది చేతులెత్తేసిందో చూసి ఎంచుకో. ఛాతీ కోసం చేస్తుంటే ఛాతీ అలిసిపోయి ఆగాలి. మెత్తటి బంతి మీద నిలబడి స్క్వాట్ చేసేవాళ్లని చూసే ఉంటావు, అక్కడ తొడలు అలిసేలోపే బ్యాలెన్స్ తప్పి దిగిపోతారు, తొడలకి దక్కేది ఏమీ ఉండదు. రెండోది, దానికి నెలల తరబడి కొంచెం కొంచెం బరువు చేర్చుకుంటూ పోగలగాలి. మూడోది, కండ బాగా సాగిన చోట బరువు దాని మీదే ఉండాలి, సగం దించి లేపేసే రెప్పులకి (ఒకసారి దించి ఎత్తితే ఒక రెప్పు) ఫలితం కూడా తక్కువే. వీటన్నిటి కన్నా ముందు, అది చేస్తే నీ కీళ్లు నొప్పి పెట్టకూడదు. ఇంతకు మించి రహస్యాలేమీ లేవు.

ఇలా వడపోస్తే మిగిలేవి చాలా కొద్ది. ఛాతీకి బెంచ్ ప్రెస్, దానికి తోడు ఇంక్లైన్ డంబెల్ ప్రెస్. వీపుకి లాట్ పుల్‌డౌన్, అంటే పైనున్న కడ్డీని ఛాతీ దాకా లాగడం (పుల్‌అప్స్ వస్తే అవే చేయి), ఒక రోయింగ్, అంటే బరువుని పొట్ట వైపు లాగడం. తొడల ముందు భాగానికి స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), వెనక భాగానికి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొంచెమే వంచి, తుంటి దగ్గర వంగి బరువు దించి లేవడం), కూర్చుని మడమలు వెనక్కి మడిచే లెగ్ కర్ల్. భుజాలకి ఓవర్‌హెడ్ ప్రెస్ (బరువుని తల పైకి నెట్టడం), లేటరల్ రెయిజ్ (చేతులు పక్కలకి ఎత్తడం). చేతులకి ఒక కర్ల్, ఒక ట్రైసెప్స్ ఎక్స్‌టెన్షన్. ట్రైసెప్స్‌కి కేబుల్‌ని కిందికి నొక్కే దానికన్నా చేతులు తల మీదుగా వెనక్కి పెట్టి చేసేది మంచిది, అక్కడ కండ బాగా సాగుతుంది. పిక్కలకి కాఫ్ రెయిజ్, కింద రెండు సెకన్లు ఆగి లేస్తే చాలు.

రోజుకో భాగం పద్ధతి కూడా మానెయ్. సోమ, గురువారాలు నడుము పైభాగం, మంగళ, శుక్రవారాలు కాళ్లు పెట్టుకుంటే ప్రతి కండకీ వారానికి రెండుసార్లు పని దొరుకుతుంది. ఒక్కో కండకి వారం మొత్తమ్మీద పది గట్టి సెట్లు ఇప్పటికి చాలు. గట్టి సెట్టు అంటే ఇంకొక్కటో రెండో రెప్పులు మాత్రమే రాగలవు అనే దాకా చేసి ఆపినది. ఫోన్ చూసుకుంటూ చేసిన పన్నెండు రెప్పులు లెక్కలోకి రావు. ఆరు నుంచి పన్నెండు రెప్పులు అనుకూలంగా ఉంటాయి గానీ, అలుపు దాకా వెళ్తే అయిదుకైనా ముప్పైకైనా కండ పడుతుంది. ముప్పై రెప్పుల స్క్వాట్ చేశాక కళ్లు తిరుగుతాయి కాబట్టి నేనైతే చెప్పను.

బెంచ్ ప్రెస్‌నే తీసుకో. పడుకోగానే రెండు రెక్క ఎముకలూ వెనక్కి దగ్గరగా లాగి బెంచ్‌కి అదిమిపెట్టు, చివరి రెప్పు దాకా అవి కదలకూడదు. పాదాలు నేల మీద గట్టిగా ఉండాలి. బార్ దిగాల్సింది గొంతు వైపు కాదు, ఛాతీ కింది భాగానికి, మోచేతులు పూర్తిగా పక్కలకి పరుచుకోకుండా కొంచెం ఒంటి వైపు ఉండాలి. దించడానికి రెండు సెకన్లు, ఛాతీకి తాకించు, ఎగరేయకు. పక్కన పట్టుకునేవాడు లేకుండా బార్‌బెల్‌తో చేస్తుంటే ప్లేట్లకి క్లిప్పులు పెట్టకు, ఇరుక్కుపోతే బార్‌ని ఒక పక్కకి వంచి ప్లేట్లు జారవిడవచ్చు. సేఫ్టీ రాడ్లున్న ర్యాక్ దొరికితే అంతకన్నా మేలు. ఇప్పుడు ఆ 40 కిలోలతో మూడు సెట్లు చెయ్, 8, 8, 7 వచ్చాయనుకో, పుస్తకంలో రాసుకో. మూడింటిలోనూ పది వచ్చే దాకా అదే బరువు. వచ్చాక రెండు వైపులా 1.25 కిలోల ప్లేట్లు వేస్తే 42.5. మళ్లీ ఎనిమిది దగ్గర మొదలు. మీ జిమ్‌లో 1.25 ప్లేట్లు లేకపోతే ఓనర్‌ని కొనమని సతాయించు, వేలు పోసి మెషిన్లు తెచ్చేవాళ్లకి అవి ఒక ఖర్చే కాదు.

ట్రెయినర్‌తో గొడవ పడొద్దు. "నాలుగు నెలలు ఇవే చేస్తానన్నా, ఫార్మ్ (చేసే తీరు) మాత్రం చూసి సరిచేయి" అని అడుగు. మంచివాడైతే అతనికీ సంతోషమే.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. కరణం మల్లీశ్వరి గారి ఊరు మాకు దగ్గరే. ఆమెలాగా స్నాచ్, క్లీన్ అండ్ జర్క్ చేస్తే కండ త్వరగా వస్తుందా అన్నయ్యా? మా ఫ్రెండ్స్ అవే అసలైన వెయిట్‌లిఫ్టింగ్ అంటున్నారు.
– డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: అసలైన వెయిట్‌లిఫ్టింగ్ అవే, అందులో సందేహం లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ని మొదటిసారి పెట్టినప్పుడే, 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి గారు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. మీ జిల్లా వాళ్లు దాని గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా తప్పులేదు.

కానీ నువ్వడిగింది కండ గురించి. స్నాచ్‌లో బార్ నేల మీంచి ఒక్క ఊపున తల పైకి వెళ్తుంది, క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాల మీదికి, అక్కణ్నుంచి తల పైకి, రెండింటిలోనూ ఎత్తాక కింద పడేస్తారు. మెల్లగా దించే పని లేదు, కండ మీద బరువు నిలిచేది క్షణమే. సెట్టుకి ఒకటి నుంచి మూడు రెప్పులే చేస్తారు, అవి కూడా వేగం తగ్గగానే ఆపేస్తారు, అంటే కండ అలిసే దాకా పోనే పోరు. దానికి తోడు టెక్నిక్ పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. మరి లిఫ్టర్లకి ఆ తొడలు, ఆ వీపు ఎక్కడివంటే, ఎక్కువ భాగం స్క్వాట్లు, ఫ్రంట్ స్క్వాట్లు, బరువైన పుల్స్ (బార్‌ని నేల మీంచి పైకి లాగడం) వల్ల వచ్చినవి. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది అవి. ఫ్రంట్ స్క్వాట్‌లో బార్ భుజాల ముందు భాగం మీద ఆనుతుంది, మోచేతులు ఎత్తి ముందుకి చూపిస్తూ నిటారుగా కూర్చోవాలి, ముందుకి వంగితే బార్ జారిపోతుంది కాబట్టి దొంగాట ఆడే వీలుండదు. పోటీల మీద మోజుంటే వేరే సంగతి. అప్పుడు కోచ్ దగ్గర చేరు, యూట్యూబ్ చూసి మీ ఫ్రెండ్స్‌తో కలిసి మిద్దె మీద మాత్రం స్నాచ్ వేయొద్దు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో ట్రెయినర్ నాకు రెండు కిలోల డంబెల్స్ ఇచ్చి ముప్పైసార్లు ఊపమంటాడు. ఎక్కువ బరువులు ఎత్తితే మగవాళ్లలా తయారవుతానట. నిజమేనా?
– గృహిణి, విజయవాడ

జవాబు: కాదమ్మా. ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ మగవాళ్లకున్న దాంట్లో పదో వంతు కూడా ఉండదు. పై కర్నూలు కుర్రాడు అంత కోరుకుని ఏడాది చేసినా రాని కండ మీకు పొరపాటున వచ్చేస్తుందా? మీరు కూరగాయల సంచి మోసుకొచ్చేటప్పుడు ఒక్కో చేతికి అయిదారు కిలోలు ఉంటాయి, అలాంటిది జిమ్‌లో రెండు కిలోలేంటి! నలభై దాటాక కండ, ఎముక రెండూ తగ్గుతూ పోతాయి, బరువులు అవసరం మీకే ఎక్కువ. ఛాతీ దగ్గర డంబెల్ పట్టుకుని చేసే గాబ్లెట్ స్క్వాట్, డంబెల్ రోయింగ్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, భుజాల ప్రెస్ వారానికి రెండు రోజులు చేయండి. పదోసారి ఎత్తేటప్పటికి ముఖంలో కష్టం కనపడేంత బరువు ఉండాలి. బీపీ గానీ పాత ఆపరేషన్లు గానీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: స్క్వాట్ చేస్తే మోకాలు నొప్పి. స్క్వాట్ చేయనివాడికి కాళ్లు రావని జిమ్‌లో అందరూ ఏడిపిస్తున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వస్తాయి. తొడ కండకి తన మీద బార్ ఉందో లెగ్ ప్రెస్ ప్లేట్ ఉందో తెలియదు. లెగ్ ప్రెస్ (మెషిన్‌లో ప్లేట్‌ని కాళ్లతో నెట్టడం), హ్యాక్ స్క్వాట్ (మెషిన్‌కి వీపు ఆనించి చేసే స్క్వాట్), కాలు వెనక బెంచ్ మీద పెట్టి చేసే బల్గేరియన్ స్క్వాట్, వీటిలో నొప్పి లేకుండా లోతుగా చేయగలిగింది ఏదైతే అదే మీకు స్క్వాట్. మడమల కింద సన్నటి ప్లేట్లు పెట్టి తక్కువ బరువుతో, మెల్లగా ఒకసారి చేసి చూడండి, కొందరికి చీలమండ బిగుసుకుపోవడం వల్ల కూడా ఇబ్బందిగా ఉంటుంది. మోకాలు వాస్తే, మెట్లెక్కినా నొప్పి ఉంటే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. ఏడిపించేవాళ్లని పట్టించుకోకండి, పోటీల్లో తప్ప స్క్వాట్ ఎవరికీ కంపల్సరీ కాదు.

ప్రశ్న: జిమ్‌కి డబ్బుల్లేవు. హాస్టల్లో దండీలు, బస్కీలు తీస్తున్నా. దండీలు నలభై దాకా వస్తున్నాయి. ప్రొటీన్ పౌడర్ కూడా కొనలేను. నాకు కండ పడుతుందా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, హైదరాబాద్

జవాబు: నలభై వస్తున్నాయంటే అది కండకి తేలికైపోయినట్టే. పుషప్‌లో చేతుల మీద పడేది దాదాపు మూడింట రెండొంతుల ఒంటి బరువు. దాన్ని పెంచాలి. కాలేజీ బ్యాగులో లీటరు నీళ్ల సీసాలు పెట్టి వీపుకి తగిలించుకో, సీసాకో కిలో, లెక్క కూడా సులువు. పదిహేను దగ్గర ఆయాసపడేన్ని సీసాలు పెట్టు. చేతుల కింద రెండేసి లావు పుస్తకాలు పెడితే ఛాతీ ఇంకా కిందికి దిగుతుంది, పరీక్షల పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి కదా. బస్కీల బదులు మంచం మీద ఒక కాలు వెనక పెట్టి రెండో కాలితో కూర్చుని లేవడం మొదలుపెట్టు. వీపుకి మాత్రం వేలాడటానికి ఏదో ఒకటి కావాలి, పార్కులో బార్ ఉంటే వారానికి రెండుసార్లు వెళ్లు, దండీలతో వీపు రాదు.

తిండి విషయానికొస్తే, కండ పెంచేవాళ్లకి ఒంటి బరువులో కిలోకి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటే మంచిది, 60 కిలోల మనిషికి సుమారు 96 గ్రాములు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పౌడర్లకి దూరంగా ఉండమంది. పౌడర్ విషమేమీ కాదని నా అభిప్రాయం, కానీ అది లేకపోతే ఆగిపోయేదీ ఏమీ లేదు. గుడ్డుకి ఆరు గ్రాములు, నాలుగు తింటే 24. పొడి మీల్‌మేకర్ 50 గ్రాములు నానబెట్టి కూరలో వేస్తే ఇంకో 26, అన్నిటికన్నా చవక అదే. మెస్‌లో పప్పు, పెరుగు రెండోసారి అడిగి వేయించుకో. చికెన్ పెట్టే రోజు గ్రేవీ కాదు, ముక్కలు అడుగు.