గెలవాల్సిన ఆట డ్రా ఎందుకవుతోంది?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 3 నిమిషాల బ్లిట్జ్ చెస్ ఆడతాను. దాడి బాగా చేస్తాను. కానీ చివర్లో ఏనుగులు, ఓ బంటు మిగిలితే, బంటు నాదే అయినా డ్రా అయిపోతోంది. లేదంటే టైమ్ అయిపోతోంది. లోపం ఎక్కడ?

జవాబు: దాడిని పసిగట్టే చూపు మీకుంది, దాన్ని వదులుకోకండి. ఇక టైమ్ సంగతి. 180 సెకన్లలో 40 ఎత్తులంటే, ఎత్తుకు నాలుగున్నర సెకన్లే. మధ్యలో ఒక్క ఎత్తుకే 30 సెకన్లు పోస్తే ముగింపుకి ఏం మిగులుతుంది? కొన్నాళ్లు ఎత్తుకు 2 సెకన్లు కలిసే ఆటలు ఆడండి.

అసలు నేర్వాల్సింది లుసెనా స్థితి, అంటే ఇరువైపులా ఏనుగులుండగా బంటు చివరి గడికి ఒక్క అడుగు దూరంలో, దాని ముందు సొంత రాజు ఉండే గెలుపు స్థితి. బోర్డు మీద పేర్చి చూడండి: మీ తెల్లరాజు డీ8, బంటు డీ7, ఏనుగు ఎఫ్1, అవతల నల్లరాజు జీ7, ఏనుగు సీ2. తొందరపడి రాజును బయటికి తీస్తే చెక్ మీద చెక్ పడుతూనే ఉంటుంది. అందుకే ముందు ఏనుగును ఎఫ్4కి తేవాలి. తర్వాత రాజు ఈ7, డీ6, ఈ6, డీ5 గళ్ల మీదుగా దిగాలి. అక్కడ పడే చెక్‌కి ఏనుగును డీ4లో అడ్డుపెడితే ఇక బంటును ఆపేదెవరు! ఈ స్థితిని పదిసార్లు ఆడి చేతికి అలవాటు చేసుకోండి. ఏ, హెచ్ నిలువు వరుసల్లోని అంచు బంట్లకు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.