సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ అవదు: పాత మారుతి 800లో లోపం ఎక్కడ?

చెన్నై వానల్లో పొద్దున్నే కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం) ఉన్న మారుతి 800 ఒక పట్టాన స్టార్ట్ అవక, అయ్యాక కూడా మిస్సింగ్ కొడుతుంటే (మధ్యమధ్యలో తడబడుతుంటే) ముందు అనుమానించాల్సింది స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఒక్కో ప్లగ్‌కి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీది క్యాప్‌నే. (చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచే చోక్ మీట ముందే లాగారు కదా?)

పెట్రోలును మండించే స్పార్క్ రావాలంటే వేల వోల్టుల కరెంటు ఆ వైర్ల గుండా ప్లగ్ దాకా చేరాలి. పాతబడిన వైరు తొడుగు మీద, క్యాప్ మీద కంటికి ఆనని పగుళ్లుంటాయి, వాటిలో తేమ చేరితే కరెంటు ప్లగ్ దాకా పోకుండా పక్కనున్న ఇనుముకి దూకేస్తుంది. ఇంజిన్ వేడెక్కి తేమ ఆరాక అంతా సర్దుకుంటుంది, అందుకే షెడ్‌కి తీసుకెళ్లేసరికి బండి బుద్ధిమంతురాలిలా ఉంటుంది, మెకానిక్ ఏమీ లేదంటాడు.

ఉదాహరణకి వేళచ్చేరిలో రాత్రంతా వానకి తడిసిన బండి అనుకోండి. తెల్లారకముందే చీకట్లో బానెట్ ఎత్తి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని, చేయి పెట్టకుండా చూడండి. వైరు వెంట సన్నగా నీలి మెరుపులు పాకితే దొంగ దొరికినట్టే. ప్లగ్ విప్పి చూడండి, కొన పెట్రోలుతో తడిగా ఉంటే అక్కడ స్పార్క్ సరిగా పడట్లేదేమో. ఉన్నవి మూడే సిలిండర్లు కాబట్టి ఒక్కటి మానేసినా గేర్ రాడ్ దాకా వణుకు తెలుస్తుంది.

చాలామంది వెంటనే బ్యాటరీ మార్చేస్తారు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతుంటే బ్యాటరీ మీద డబ్బు పోయడం దండగ, అది నీరసపడితే ముందు సెల్ఫే మూలుగుతుంది.